నిమ్మకాయ గుచ్చిన కత్తి

కొత్తవలసలో తెల్లారగట్ల రైలెక్కి, విజయనగరంలో బస్సు పట్టుకుని, భోగాపురం దాటాక దిగి, జీడితోటల్లోంచి నడిచి ఇల్లు చేరేసరికి నరసింగరావు చొక్కా వీపుకి అంటుకుపోయింది. అయినా మొహంలో అలసట లేదు. చంకలో గోనెగుడ్డ చుట్టిన కత్తి ఉంది. కొత్తగా వేస్తున్న కిరండోలు రైలుదారి పనులకి వంటవాడుగా వచ్చిన ఒక ముసలాయన దగ్గర అది దొరికింది. ఆయన ఒక పట్టాన వదల్లేదు. చివరికి ఇత్తడి బిందె, పంచెల చాపు తీసుకుని ఇచ్చాడు.

వయసులో ఉన్నప్పుడు నరసింగరావు భీమిలిలో ఓడెక్కి సముద్రం అవతల రంగం పోయాడు. అక్కణ్ణుంచి పినాంగు, పినాంగు నుంచి సుమత్రా. మెడాన్ పక్కన పొగాకు తోటల్లో బండి తోలాడు. ఆ తోటల వెనక కొండల్లో బటక్ అనే జనం ఉంటారు. సంతరోజున కొండ దిగి వచ్చేవారు. మొలలో ఒక్కొక్కరికి ఒక కత్తి. మనవాళ్ళు గుడి స్తంభానికి పెట్టే పనంతా వాళ్ళు పిడికెడు పిడి మీద పెట్టేవారు. గేదెకొమ్ము పిడి, దంతం పిడి, ఒర చుట్టూ వెండి కట్లు. తోడి కూలీలు బంగారం దాచుకుంటే ఇతను కత్తులు దాచుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు తిరిగొచ్చినప్పుడు పెట్టెలో అవే వచ్చాయి. వచ్చాక కూడా ఊరుకోలేదు. విశాఖపట్నం ఓడల్లో తిరిగే కళాసీల దగ్గర, రంగం నుంచి కట్టుబట్టలతో వచ్చేసినవాళ్ళ దగ్గర, ఎక్కడ సుమత్రా కత్తి ఉందని విన్నా వెళ్ళి తెచ్చేవాడు. ఊళ్ళో అతన్ని కత్తుల నరసింగరావు అనేవారు. నవ్వుతూ అనేవారు గానీ, అతని ముందుగది గోడ చూసేటప్పుడు ఎవరూ నవ్వేవారు కాదు.

ఈ కొత్తదాన్ని ఎక్కడ తగిలించాలా అని గోడకేసి చూశాడు. చూసి అలాగే నిలబడిపోయాడు.

అన్నిటికంటే పైన, దూలం కింద ఉండాల్సిన కత్తి లేదు. మేకు ఉంది. కింద పీట మీద ఒర ఉంది. నేలమీద ఎర్రదారం ముక్కలు, లక్క పెళ్ళలు పడి ఉన్నాయి.

ఆ దారం కట్టింది, ఆ లక్క పోసింది అతనే. కళింగపట్నం కళాసీ సూరయ్య ఆ కత్తి ఇస్తూ ఒక మాట చెప్పాడు. "బావా, దీన్ని ఒరలోంచి తియ్యకు. కొండమీద ముసిలోడొకడు దీనికి మందు పూసినాడు. గీసుకున్నాదంటే, పొయ్యిమీదెట్టిన అన్నం ఉడికీలోపల మనిసుండడు." నిజమే చెప్పాడో, గొప్పకి చెప్పాడో తెలీదు. మరుసటేడు సూరయ్య సముద్రంలోనే పోయాడు. ఇంక అడగడానికి లేదు. పిడి మీద గొంతుక్కూచున్న మనిషి బొమ్మ ఉంది. మోకాళ్ళ మీద చేతులు, మూసుకున్న కళ్ళు, ఏదో వింటున్నట్టు కాస్త వంగిన మెడ. అలాంటి పనితనం ఆ గోడ మీద మరొకదానికి లేదు. పారేయడానికి నరసింగరావుకి మనసు రాలేదు. ఒరనీ పిడినీ కలిపి దారం చుట్టి, లక్క కరిగించి పోసి, ఎవరి చెయ్యీ అందనంత ఎత్తున పెట్టాడు. భార్య తాయారుకి మందు సంగతి చెప్పలేదు. చెబితే ఇంట్లో ఉంచనివ్వదు. ముట్టుకోకు అన్నాడంతే. ఆ మాట గోడ మీదున్న ప్రతి కత్తికీ అన్నదే.

పక్కింటి దానమ్మ చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"వచ్చినావా బావూ. నీకోసం సూసి సూసి మీవోల్లు పెల్లికి బండ్లెక్కేసినారు. పొద్దు పొడవకముందే ఎల్లిపోనారు."

"ఈ మీదున్న కత్తి ఎవులు తీసినారు?"

"తాయారే. నిన్న సందేల ఎర్రన్న వచ్చినాడు. ఆల ఇంట్లో కత్తి తుప్పట్టిపోనాదట. మేనత్త ఇంట్లో ఇన్ని కత్తులెట్టుకుని మేనల్లుడు తుప్పుకత్తి అట్టుకుని పీటలమీద కూకుంటాడా అని, నిచ్చెనేసి ఆ బొమ్మున్నదాన్ని తీసినాది. సింతపండూ బూడిదా ఎట్టి ఇద్దరం మెరిసీలాగ తోమినాం."

"సేతుల్తోనే తోమినారా?"

"మరి కాల్లతో తోముతారేటి?"

నరసింగరావు ఆమె వేళ్ళ వంక చూశాడు. గోళ్ళ సందుల్లో నలుపు తప్ప ఏమీ లేదు. "నీకేటీ అవ్వనేదు కదా?"

"నాకేటవుతాది? నీకే ఏదో అయినట్టున్నాది, మొకమంతా అలగైపోనాది. మంచినీల్లు తాగు."

అతను తాగలేదు. చంకలో కొత్తకత్తి చంకలోనే ఉంది. సైకిలు బయటికి తీశాడు.

పెళ్ళికొడుకు చినబాబు, తాయారు తమ్ముడు ఎర్రన్న కొడుకు. ఆ వైపు పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకుని చేసిన దగ్గర్నుంచి చేతిలో ఇనుము ఉండి తీరాలి. కత్తి మొనకి నిమ్మకాయ గుచ్చి పట్టుకుంటాడు. తాళి కట్టి, తలంబ్రాలయ్యేదాకా ఆ చెయ్యి రెప్పపాటు కూడా ఖాళీగా ఉండకూడదు. కత్తి జారి కిందపడితేనే ముసలమ్మలు మొహాలు చూసుకుంటారు. ఇక ఒకడు వెళ్ళి, ఆ కత్తికి విషముంది, కింద పెట్టమంటే ఆ పెళ్ళి ఏమవుతుందో నరసింగరావుకి తెలుసు. పెళ్ళికూతురు పద్మకుమారికి ఇది రెండో సంబంధం. మొదటి కుర్రవాడు ముహూర్తం పెట్టుకున్నాక పాము కరిచి పోయాడు. అప్పట్నుంచి ఊళ్ళో ఆ పిల్ల ఎదురొస్తే పక్కకి తిరిగేవాళ్ళు ఉన్నారు. ఎర్రన్న అవన్నీ పట్టించుకోకుండా ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఈ మాట పొక్కితే తప్పు కత్తి మీద పెట్టరు, ఆ పిల్ల మీదే పెడతారు.

చెప్పకపోతే చినబాబు చేతిలో అది ఉంటుంది.

తాటితోపుల మధ్య దారంతా ఇసుక. సైకిలు తొక్కడం కంటే తొయ్యడమే ఎక్కువైంది. చంపావతి ఏరు ఎండిపోయి, మధ్యలో ఒక్క పాయ కదులుతోంది. సైకిలు భుజానికెత్తుకుని దాటాడు. మందు చింతపండుతో పోయిందా, ఇనుములోకి ఇంకిపోయి ఉందా అన్న ఆలోచన ఒక్కటే తలలో తిరుగుతోంది. చింతపండు ఇత్తడి చిలుము వదిలిస్తుంది. విషాన్ని వదిలిస్తుందో లేదో ఎవరు చెప్పాలి? అవతలి గట్టెక్కేసరికి పెళ్ళికూతురి ఊళ్ళోంచి సన్నాయి వినబడింది.

పందిట్లో చినబాబు పీట మీద కూచుని ఉన్నాడు. బుగ్గన చుక్క, తలకి బాసికం, కుడిచేతిలో కత్తి. తోమిన అలుగు ఎండకి తళతళలాడుతోంది. మొనకి గుచ్చిన నిమ్మకాయ రసం సన్నగా అలుగు మీదుగా జారి పిడి బొమ్మ తలదాకా వచ్చింది. చినబాబు కత్తి వదలకుండానే తడివేళ్ళని పంచెకి తుడుచుకుని, మళ్ళీ పట్టు మార్చుకున్నాడు.

నరసింగరావు గోనెగుడ్డ విప్పి కొత్తకత్తి బయటికి తీశాడు. దీనికి గేదెకొమ్ము పిడి. బొమ్మ లేదు గానీ పొడుగూ వాటమూ దాదాపు అవే. ముందు ఇది చేతిలో పెట్టి, తర్వాత అది తీస్తే చెయ్యి ఖాళీ అవదు. ఎర్రన్నని పందిరి గుంజ వెనక్కి పిలిచాడు.

"ఒరే ఎర్రన్నా. ఆ కత్తి పిడి ఒదులు. ఇది మంచిది, ఇది మార్సు."

"పిడి ఒదులేటి బావా? నాను ఊపి సూసినాను, కొండలాగున్నాది. పసుపు రాసి బయల్దేరదీసిన కత్తి నడిమిజ్జన మారిత్తే ఆడోల్లు ఊరుకుంటారేటి?"

"నా మాటిను."

ఎర్రన్న అతని తడిసిన చొక్కా, ఇసుక కాళ్ళు, చేతిలో కత్తి చూసి నవ్వాడు. "ఓలి అప్పా, ఇలగ రా. మీ ఆయన కత్తికోసం సెంపావతి దాటొచ్చేసినాడు."

తాయారు వచ్చింది. చేతిలో అక్షింతల పళ్ళెం. ఆమె మొహం చూడగానే, కోపం మింగుకుంటోందని నరసింగరావుకి అర్థమైంది.

"తీసినాను. నిజమే. ఒక్క పూటకి. అరిగిపోద్దేటి?" గొంతు తగ్గించి అంది. "నలుగురిలో నన్ను ఎర్రిదాన్ని సెయ్యకు మావా. పోయి కూకో."

చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆమె వెనకే పెళ్ళికూతురి పిన్ని బిందె పట్టుకుని నిలబడి చెవులు ఇటే పెట్టింది.  నరసింగరావు వెళ్ళి పీటకి దగ్గరగా, చినబాబు కుడిపక్కన, ఎవరూ పిలవని చోట కూచున్నాడు. కొత్తకత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏటి మావయ్యా, నాకు కాపలా వచ్చినావా, కత్తికా?" అన్నాడు చినబాబు.

"కదపకుండా అట్టుకో."

"దురదెడతన్నాది మావయ్యా వీపు."

"ఓర్సుకో."

చినబాబు ఓర్చుకోలేదు. కత్తి చెయ్యి మారకుండానే మోచెయ్యి మడిచి పిడితో వీపు గోక్కున్నాడు. అలుగు చెవి పక్కనుంచి పోయింది. ఆడపిల్లలు నవ్వారు. నరసింగరావు పీట దగ్గరికి ఇంకాస్త జరిగాడు. ఒక ముసలమ్మ, అబ్బాయికి దాహంగా ఉందేమో, ఆ నిమ్మకాయ పిండి పంచదారనీళ్ళు ఇవ్వండర్రా అని వేళాకోళం ఆడింది. నిజంగానే ఒక పిల్ల లోటా తేబోయింది. "నిమ్మకాయ తియ్యకూడదు," అని నరసింగరావు గట్టిగానే అన్నాడు. ఆ పిల్ల లోటాతో వెనక్కి పోయింది. 

అప్పుడు పెళ్ళికూతురి అన్న గంగరాజు, వెనక ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళతో వచ్చాడు. మనిషి బలంగా ఉన్నాడు. కల్లు వాసన కొంచెం వచ్చింది.

"బావా, కత్తి ఇటివ్వు. కత్తి ఇడిస్తేనే మా సెల్లిని బయటికి తెస్తాం."

"కత్తిడిస్తే నాకేటి మిగుల్తాది బావా?" అన్నాడు చినబాబు.

"మేం మిగుల్తాం. సాలదా?"

అది ఆటే. ప్రతి పెళ్ళిలోనూ బావమరుదులు లాగుతారు, పెళ్ళికొడుకు వదలడు, ఒక తువ్వాలో తాంబూలమో ఇచ్చి తప్పించుకుంటాడు. గంగరాజు చినబాబు మణికట్టు పట్టుకున్నాడు. చినబాబు నవ్వుతూ చెయ్యి పైకెత్తాడు. నిమ్మకాయ ఊడి జనంలో పడింది. అలుగు మొనదాకా బయటపడి ఇద్దరి తలల మధ్య ఊగింది. "ఒగ్గీండి, ముహూర్తమవుతన్నాది," అని పంతులు అంటున్నాడు, ఎవరూ వినలేదు. గంగరాజు రెండో చెయ్యి కూడా ఎత్తాడు. కత్తిని ఎక్కడ పట్టుకోవాలో చూసుకోకుండానే వేళ్ళు చాచాడు.

ఆ వేళ్ళకంటే ముందు నరసింగరావు చెయ్యి వెళ్ళింది. అలుగుని అరచేత్తో పట్టి బిగించాడు.

నొప్పి వెంటనే తెలియలేదు. వెచ్చగా మోచేతిదాకా కారింది. ఎడంచేత్తో కొత్తకత్తి తీసి, చినబాబు పిడికిట్లో, పాత పిడి పక్కనే దూర్చాడు.

"ఇది అట్టుకో. దాన్ని ఒగ్గీ. సెయ్యి కాలీ సెయ్యకు."

చినబాబు మొహం తెల్లబోయింది. చెప్పినట్టే చేశాడు. నరసింగరావు నెత్తుటి కత్తిని కండువాలో చుట్టేసి, పొట్టకి హత్తుకుని పక్కకి జరిగాడు.

సన్నాయి ఆగిపోయింది.

"బావా," అన్నాడు ఎర్రన్న.  "నా కొడుకు పెల్లిలో రగతం సూపించినావు. ఒక్క కత్తికోసం."

"ఆయన ముందునుంచీ దానిమీదే కన్నేసి కూకున్నాడు," అని వెనక ఎవరో అన్నారు. "బామ్మరుదులు తీసుకుపోతారని బయం." "అంత పీనాసోడైతే ఇవ్వడమెందుకు?" గంగరాజు తలదించుకుని, సరదాకి లాగాం గానీ తీసుకుపోతామా అన్నాడు.  నరసింగరావు నేల మీదికి చూస్తున్నాడు. చినబాబు చేతిని చూస్తున్నాడు. వేళ్ళమీద గీత లేదు. గంగరాజు వేళ్ళమీద కూడా లేదు.

పెళ్ళికూతురి నాయనమ్మ దేముడమ్మ కర్ర ఆనించుకుని వచ్చి పీటల చుట్టూ వంగి చూసింది. "పందిట్లో సుక్క పడనేదు. పడ్డాదంతా ఆయన పంచిమీదే. పెల్లికొడుకు సెయ్యి కాలీ అవ్వనేదు. ఇంకొక నిమ్మకాయ తెచ్చి గుచ్చండి. పిల్లని తీసుకురండి," అంది. ఆ ముసలిది అన్నాక ఎవరూ కాదనలేదు. సన్నాయి మళ్ళీ మొదలైంది.

తాయారు పసుపు, పాతగుడ్డ తెచ్చి అతని చెయ్యి పట్టుకోబోయింది. నరసింగరావు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ముట్టుకోకు." జనం చూస్తుండగా అన్నాడు. తాయారు గుడ్డ అతని ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.

ఎడంచేత్తో, పళ్ళతో కట్టు కట్టుకున్నాడు. లేచి పందిరి దాటి వంటలు చేస్తున్న వైపు వెళ్ళాడు. కొబ్బరిచెట్టు మొదట్లో కూచున్నాడు. ఎదురుగా గాడిపొయ్యి. వంటవాళ్ళు అప్పుడే పెద్ద గుండిగలో ఎసరు మరిగాక బియ్యం పోస్తున్నారు.

సూరయ్య చెప్పిన మాటకి ఇంతకంటే సరైన కొలత ఉండదు.

నీళ్ళలో బియ్యం అడుగున పడి కనిపించకుండా పోయాయి. కాసేపటికి ఒక్కొక్క బుడగ లేచింది. అరచెయ్యి మండుతోంది. నాలుక మొద్దుబారుతోందా అని పళ్ళతో కొరికి చూసుకున్నాడు. నొప్పి తెలిసింది. కాళ్ళు చల్లబడుతున్నాయనిపించింది. అవి నీడలో ఉన్నాయి. ఎండలోకి చాపుకున్నాడు. పందిట్లో మంత్రాలు వినబడుతున్నాయి. తను ఇక్కడే పడిపోతే ఏమనుకుంటారో ఆలోచించాడు. ఎండదెబ్బ అనుకుంటారు. ముసలాడు సైకిలు మీద వచ్చాడు కదా అనుకుంటారు. మంచిదే. తాళి కట్టేదాకా పడకూడదని అనుకున్నాడు. పడినా కొబ్బరిచెట్టు వెనక్కి పడాలి.

పొంగు వచ్చింది. వంటవాడు తెడ్డుతో కలిపాడు. గట్టిమేళం వాయించారు, పందిరంతా ఒక్కసారి కదిలింది. తాళి పడింది. నరసింగరావు లేవలేదు. గుండె చప్పుడు చెవిలో వినబడుతోంది, గట్టిగానే, కానీ సమంగానే. వంటవాడు తెడ్డుమీద మెతుకు తీసి వేళ్ళతో నలిపి చూశాడు. ఇంకా పలుకుంది అన్నాడు. నరసింగరావు ఆ మనిషిని తిట్టుకున్నాడు. మళ్ళీ మూత వేశారు. మంట వెనక్కి లాగారు. ఇద్దరు గుండిగ చెవులకి కర్ర దూర్చి, ఎత్తి, వంచారు. గంజి తెల్లగా కాలవలోకి పోయింది.

అతను ఇంకా కూచునే ఉన్నాడు. ఒళ్ళంతా చెమట పట్టి, ఆకలి వేస్తోంది.

పంక్తులు లేచాక తాయారు విస్తరాకులో అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర పెట్టుకుని వచ్చింది. అతని ముందు పెట్టి, నిలబడే ఉంది.

"నా తమ్ముడు మొకమెత్తుకోనేకపోతన్నాడు. కత్తి దక్కింది కదా, తిను."

నరసింగరావు కుడిచేతి కట్టు చూసుకున్నాడు. ఎడంచెయ్యి విస్తరి దాకా వెళ్ళి ఆగింది.

"ఆ కత్తికి మందున్నాదని సూరయ్య సెప్పినాడు," అన్నాడు.

"ఏ మందు?"

"మనిసిని తీసీది. గీసుకుంటే అన్నం ఉడికీలోపల."

తాయారు కిందకి కూచుంది. అతని మొహం, కట్టు, గాడిపొయ్యి మీంచి దింపేసిన గుండిగ చూసింది. తర్వాత తన వేళ్ళు చూసుకుంది. తిప్పి మళ్ళీ చూసుకుంది.

"ఎప్పుడు సెప్పినాడు?"

"ఇచ్చినపుడే."

"అప్పుట్నుంచి నా నెత్తిమీద ఏలాడగట్టినావా?"

 ఆమె పందిరి వైపు తిరిగింది. పందిట్లో చినబాబు, పద్మకుమారి జడలో చిక్కుకున్న తలంబ్రాల గింజలు ఏరి చూపిస్తూ పిల్లల్ని నవ్విస్తున్నాడు. ఆ పిల్ల కూడా తలెత్తి నవ్వింది.

"ఎర్రన్నకి సెప్పినావా?"

"నేదు."

"సెప్పకు. ఎవులికీ సెప్పకు. ఆ పిల్ల కొంప కూలుద్ది. నిన్ను పీనాసోడన్నారు. అననీ."

"అన్నారు."

"అననీ అంటన్నాను కదా."

ఆమె అన్నంలో పప్పు కలిపి ముద్ద చేసింది. గోళ్ళ అంచుల్లో చింతపండు నలుపు ఇంకా ఉంది. నరసింగరావు ఆ వేళ్ళ వంక చూశాడు. ఆమె అది గమనించింది.

"పొద్దున్నుంచి ఈ ఏల్లతోనే తింతన్నాను. సలిమిడి తిన్నాను, అరటిపండు తిన్నాను. నోరు తెరు."

అటుగా విస్తళ్ళెత్తుకుపోతున్న ఒకాయన ఆగి, అసలు పెళ్ళి ఇక్కడ జరుగుతున్నాదర్రా అన్నాడు. తాయారు తిరిగి చూడలేదు. నరసింగరావు నోరు తెరిచాడు.

రెండో ముద్ద కలుపుతూ తాయారు అంది, "రేపు కమ్మరి కొలిమిలో ఏసేస్తాను దాన్ని."

నరసింగరావు నమలడం ఆపాడు. ఎడంచెయ్యి, కండువాలో చుట్టినదాని మీదికి వెళ్ళింది.

"బొమ్మో?"

ఆమె ముద్ద చేతిలో పట్టుకుని కొంచెంసేపు ఆలోచించింది.

"బొమ్మ ఉంచుకో," అంది.

అతను మళ్ళీ నోరు తెరిచాడు.